పెరుగుతున్న గాజు

స్మోలాండ్ అడవుల్లో నవంబరు. మూడున్నరకే దీపాలు.
మూతపడ్డ కార్ఖానాలో ఏడు కొలుములు చల్లారి
ఎనిమిదోది మాత్రం గుర్రుమంటోంది.
యోర్డిస్ అందులో గొట్టం ముంచి, తిప్పి, పైకి తీస్తుంది.
చివర్న లేతపాకం.
తిప్పుడు ఆగితే నేలకు కారుతుంది,
ముదిరితే మొండికేస్తుంది.
తీగపాకానికీ ఉండపాకానికీ మధ్య
రెప్పపాటులో చెయ్యాల్సిందంతా చెయ్యాలి.
బెల్లం కాచిన వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

"ఊదు."
లిబాన్ ఊదుతాడు.
పోయినేడు దాకా వెక్షోలో బస్సు నడిపినవాడు.
అమ్మ సోమాలీలో తిట్టే తిట్లకు
నవ్వి నవ్వి బలిసిన ఊపిరితిత్తులవి.
గొట్టం విడగొట్టాక ఆ ఊపిరి ఎటో పోతుంది,
ఎంత ఊదాడో ఆ కొలత మాత్రం
గాజు కడుపులో ఉండిపోతుంది.

అరలనిండా ఆమె పాత పనులు:
తలకిందులుగా వేలాడే గులాబిరంగు గుమ్మడికాయ,
మూడు మెడలున్న కూజా,
తనలోకి తనే కూరుకుపోయిన నీలి గోళం.
పువ్వులెక్కడ పెట్టాలని ఎవరో అడిగితే
తోటలో అందట.

బల్ల మీద రంగుల పొడులు:
మెంతిపసుపు, నెమలికంఠం, చిలకపచ్చ,
బంగారం కరిగించి తీసిన దొండపండు ఎరుపు.
కాలుతున్న ముద్దను వాటిలో పొర్లిస్తుంది
చంటిదానికి నలుగు పెట్టినట్టు.
ఆపైన, మంచులో లారీ చక్రాలకు చుట్టే
ఇనుప గొలుసుల్లోకి దింపి
"ఇంకా, ఇంకా" అంటుంది.
సందుసందునా గాజు ఉబికొస్తుంది
బిగుతు రవికలోంచి పొంగిన భుజంలా.

గోడవారన తూరె, ముసలి పనివాడు.
నలభై ఆరేళ్ళు ఇక్కడే సారా గ్లాసులు ఊదాడు,
డజను చేస్తే పన్నెండూ కవలలే.
"ఆ పచ్చా ఈ ఎరుపూ ఒక్క తీరున చల్లారవు.
ఒకటి ముందే ముడుచుకుంటుంది, రెండోది మొరాయిస్తుంది.
కాపరం చెయ్యవమ్మా."
"తెలుసు" అంటుంది యోర్డిస్,
తడి పేపరు మడత అరచేతిలో పట్టి
నిప్పుముద్దను నిమురుతూ.
ఆ మడతలో ఏ వార్త ఉందో,
పొగయి పైకప్పుకు పోయింది.

రాత్రికి కొలిమి పక్క పళ్ళెంలో ఉప్పు చేప, బంగాళాదుంపలు.
ఒకప్పుడు దేశదిమ్మరులు చలికి ఇక్కడే చేరి
చేప కాల్చుకుని, కబుర్లు చెప్పి, పడుకునేవారట.
నాకూ ఒక ముక్క పెట్టారు.
ముల్లుంది చూసుకో అన్నారు.

మూడు రోజులు చల్లార్చే పెట్టెలో.
నాలుగో పొద్దున తలుపు తీస్తే
నిలబడే ఉంది. ఒళ్ళంతా పగుళ్ళు.
లిబాన్ చెయ్యి చాచి వెనక్కి తీసుకున్నాడు.
అప్పుడే లోపలెక్కడో
టింగ్.
కాసేపటికి ఇంకొకటి.

పుస్తెలతాడు తెగితే తెగిందనలేక
పెరిగింది అంటాం మనం.
ఇన్నాళ్ళూ ఆ మాటను
నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి అనుకున్నాను.
ఇక్కడ కళ్ళ ముందే ఒకటి
తెగుతూ తెగుతూ పెరుగుతోంది,
పడిన ప్రతి గీత దగ్గరా
దీపం వెలుగు ఇంకో రెండు ముక్కలవుతోంది.

మ్యూజియం మనిషి కాగితాలతో వచ్చాడు.
పూర్తయిందా, పాడయిందా,
ఒక గడిలో టిక్కు పెట్టమన్నాడు.
యోర్డిస్ పెన్ను తీసుకుని చాలాసేపు చూసి
పెన్ను జేబులో వేసుకుంది.
అతను పెన్ను లేకుండానే వెళ్ళిపోయాడు.

ఇప్పుడది తూరె ఇంట్లో,
వంటింటి కిటికీలో, కాఫీ డబ్బా పక్కన.
తనే అడిగి తీసుకెళ్ళాడు, ఎందుకో చెప్పలేదు.
కొలిమి హోరుకు ఎప్పుడో పోయిన చెవులు.
పడుకునే ముందు తీసి పెట్టాల్సిన మిషను
పడుకోబోతూ చెవిలో పెట్టుకుని
కుర్చీలో కూర్చుంటాడు.

పొద్దున ఆరింటికి ఫోను.
"రాత్రి రెండు."
"ఏ రంగులో?"
"ఒకటి పచ్చలో. రెండోది..."
ఆగాడు.
"కునుకు పట్టింది."